రెండు చుక్కల నూనె

వంతెన దిగగానే కుడిపక్కన ఒక సిమెంటు బల్ల ఉంది. దాని పక్కనే ఎంత బిగించినా కారుతూ ఉండే కుళాయి. పొద్దున్న ఏడు గంటలకి ఆ బల్ల చుట్టూ నాలుగు సైకిళ్ళు స్టాండు వేసి ఉండేవి. ఆ సైకిళ్ళ తాలూకు నలుగురూ ఓ పావుగంట కూర్చుని, ఫ్లాస్కుల్లో తెచ్చుకున్న టీ తాగి, ఎవరికి తెలిసింది వాళ్ళు మిగతావాళ్ళకి అంటగట్టి, అప్పుడు కదిలేవాళ్ళు.

వాళ్ళలో పెద్దాయన గేరు బాబాయి. బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్కుగా చేసి దిగిపోయిన మనిషి. ఇంట్లో కూర్చుంటే మోకాళ్ళు తుప్పు పడతాయని రోజూ సైకిలెక్కేవాడు. నలుగురిలోకీ గేర్లున్న సైకిలు ఆయనదొక్కటే, అందుకని ఆ పేరు. తర్వాత బేరాల వదిన. బళ్ళో గుమాస్తా. ఆవిడ బజారుకి పోతే కొట్టువాడు ముందే ఓ దణ్ణం పెట్టేసేవాడు. "ఆకలి మీద బజారుకి పోకండి, కడుపు కొన్నంతా చేతులు మోయాలి" అనేది. "బియ్యపు గింజ పంటికింద టక్కున విరిగిందా, పాతది. మెత్తగా నలిగిందా, కొత్తది. కొట్టువాడి మాట కాదు, నీ పన్ను మాట విను" అనేది. మూడో మనిషి టైలరు. నలభై దాటాయి, పెళ్ళి ఊసు లేదు, తల్లీ తనూ రెండు కుట్టుమిషన్లూ ఒకటిన్నర గదిలో ఉండేవాళ్ళు. అందరికన్నా నెమ్మదస్తుడు. ఎవరేం చెప్పినా "అలాగా" అని విని, ఇంటికెళ్ళి అలాగే చేసి, మర్నాడు వచ్చి ఎలా కుదిరిందో చెప్పేవాడు. సలహాలిచ్చే వాళ్ళకి అలాంటి మనిషి దొరకడం అదృష్టం.

నాలుగో మనిషి వంటక్క.

వంటక్క ఆసుపత్రి క్యాంటీనులో పెద్ద వంటమనిషి. మూడు వందల మందికి అన్నం దించే చెయ్యి. యాభై నిండినా సైకిలు మీద బియ్యపు బస్తా వేసుకుని వంతెన ఎక్కేయగలదు. మాట గట్టిది. మొదట్లో ఆ బల్ల దగ్గర ఆవిడ చెప్పేది తక్కువ, వినేది ఎక్కువ. సైకిలు సంగతులు బాబాయివి, బేరాల సంగతులు వదినవి. ఆవిడ వంతు రావడానికి టైలరు తల్లి పళ్ళు ఊడాల్సి వచ్చింది.

ఆ ముసలావిడకి చూపు మందగించి పొయ్యి దగ్గరికి పోవడం మానేసింది. ఉన్న నాలుగు పళ్ళూ ఊడిపోయాయి. టైలరు వండిన అన్నం ఓ పూట రాళ్ళలా, ఓ పూట మైదా జిగురులా వచ్చేది. ఒకరోజు బల్ల దగ్గర సిగ్గుపడుతూ బయటపెట్టాడు. "అమ్మ ఏమీ అనదు. నోట్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి మింగేస్తుంది. చూడలేకపోతున్నాను."

"అరగంట నానబెట్టు తమ్ముడూ," అంది వంటక్క. "గ్లాసుకి మూడు గ్లాసులు నీళ్ళు. పొంగు రాగానే మంట తగ్గించెయ్యి. ఇక మూత మాత్రం ముట్టుకోకు. మాటిమాటికీ మూత తీసి చూస్తే అన్నం అలుగుతుంది. దించాక ఇంకో పది నిమిషాలు దాని మానాన దాన్ని వదిలెయ్యి."

రెండు రోజుల తర్వాత టైలరు సైకిలు దిగుతూనే బల్ల దగ్గర అందరి ముందూ చెప్పాడు. "అమ్మ రెండోసారి వడ్డించమంది అక్కా. ఏడాదైంది ఆ మాట విని."

అదిగో, వంటక్కకి ఆ రుచి అక్కడ తగిలింది. క్యాంటీనులో మూడు వందల మంది తిని చెయ్యి కడుక్కుని పోతారు, బాగుందని చెప్పే నాథుడుండడు. ఇక్కడ నలుగురి ముందు ఒక మనిషి ఆవిణ్ణి ఆకాశానికెత్తాడు. అప్పట్నుంచి ఆవిడ మాటకి బల్ల దగ్గర ఒక బరువొచ్చింది. అన్నం నుంచి కూరలకి, కూరల నుంచి గిన్నెల మాడు వదిలించడానికి, అక్కణ్ణుంచి మెల్లగా సైకిళ్ళకి పాకింది ఆవిడ సలహా. చైను మురికి పోవాలంటే పాత పళ్ళబ్రష్షుతో తోమాలి అంది, నిజమే. సీటు కాస్త ఎత్తితే మోకాలి నొప్పి తగ్గుతుంది అంది, అదీ నిజమే. రెండూ బాబాయి ఎప్పుడో చెప్పగా విన్నవే. కానీ బాబాయి చెప్పాడని ఆవిడ అనలేదు, ఎవరూ అడగలేదు. తెలియదు అనే మాట మాత్రం ఆవిడ నోటి నుంచి రావడం మానేసింది.

ఒక వారం బాబాయి కూతురింటికి వెళ్ళాడు. వానలు పడుతున్న రోజులు. బుధవారం పొద్దున్న టైలరు వంతెన దిగుతుంటే ముందు బ్రేకు పిల్లి తోక తొక్కినట్టు అరిచింది. బల్ల దగ్గర కూర్చున్న వదిన చెవులు మూసుకుంది.

"నాలుగు రోజుల్నుంచి ఇదే గోల," అన్నాడు టైలరు. "వీధిలో కుక్కలన్నీ లేచి నన్ను సాగనంపుతున్నాయి. ఏం చెయ్యాలక్కా?"

"బాబాయి రానీ" అంటే సరిపోయేది. ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ టైలరు అడిగింది బాబాయిని కాదు, తనని.

"కీచుమంటే ఏముంది, నూనె," అంది వంటక్క, తన సైకిలు క్యారియరు తుడుచుకుంటూ, తలైనా ఎత్తకుండా. "తలుపు బందు అరిస్తే ఏం చేస్తాం? రెండు చుక్కలు ఆ రబ్బరు ముక్కలకీ రిమ్ముకీ పట్టించు. నోరు మూసుకుంటుంది."

"అలాగా," అన్నాడు టైలరు.

మర్నాడు గురువారం. బాబాయి ముందు రోజు రాత్రే ఊరి నుంచి వచ్చేశాడు. ఆయనా, వదినా, వంటక్కా బల్ల దగ్గరున్నారు. వంతెన మీద టైలరు కనిపించాడు. ముందు అరుపేమీ వినిపించలేదు. వంటక్క లోపల్లోపల సంతోషపడింది, చెప్పింది కుదిరిందని. అంతలోనే వాడి రెండు కాళ్ళూ రోడ్డుకేసి రాసుకుపోతుండటం చూసింది. చెప్పులు చరచర ఈడ్చుకుపోతున్నాయి. సైకిలు ఆగడం లేదు.

"జరగండి! జరగండి!" అని అరుస్తున్నాడు టైలరు.

వాలు కింద నీళ్ళ డబ్బాల తోపుడుబండి ఒకటి రోడ్డు దాటుతోంది. దాన్ని తప్పించబోయి వాడు హ్యాండిలు పక్కకి తిప్పాడు. ముందు చక్రం గట్టుకి కొట్టుకుంది. వాడు ఎగిరి కుడిచెయ్యి కిందపెట్టి పడ్డాడు. పెద్ద చప్పుడేం కాలేదు. ఎండుపుల్ల విరిచినట్టు ఒక చిన్న చప్పుడు.

ముగ్గురూ పరిగెత్తారు. వాణ్ణి లేపి బల్ల మీద కూర్చోబెట్టారు. మణికట్టు అప్పుడే వంకర తిరిగి వాచిపోతోంది. వాడు దాన్ని గుండెకి ఆనించుకుని, నొప్పికి కళ్ళు గట్టిగా మూసుకుని, "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటున్నాడు. బాబాయి సైకిలు లేపి నిలబెట్టి, అలవాటు కొద్దీ చక్రం తిప్పి బ్రేకు నొక్కాడు. చక్రం ఆగలేదు. రిమ్ము మీద వేలు రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నూనె!" అన్నాడు. "కుట్టుమిషను నూనె! ముందూ వెనకా రెండింటికీ! బ్రేకుకి నూనె పెట్టమని ఎవడు చెప్పాడ్రా నీకు?"

టైలరు కళ్ళు తెరిచాడు. తెరిచి ఒక్క క్షణం వంటక్క వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అడగడమూ లేదు. చూసి తల దించుకున్నాడు.

"నాకే తోచింది బాబాయ్," అన్నాడు.

కాస్త ముందు దాకా భయపడి ఉన్నారేమో, అందరికీ ఒక్కసారి నవ్వొచ్చేసింది. తోపుడుబండి ఆయన కూడా నవ్వాడు. "చాలా బాగుంది, గడియారం ఆగిపోకుండా ఉండాలని నీళ్ళలో నానేసినట్టుంది!" అంది వదిన. "పోయిన నెల ఇక్కడే కూర్చుని చెప్పానుగా, నూనె చైనుకి, రిమ్ముకి పొడిగుడ్డ అని!" అన్నాడు బాబాయి. ఆయన చెప్పింది నిజమే. ఆ రోజు వంటక్కా అక్కడే ఉంది. ఆయన చెబుతుంటే వదినకి గంజి వార్చడం గురించి చెబుతోంది.

వంటక్క కూడా నవ్వింది.

నవ్వి ఊరుకున్నా పోయేది. "ఎంత అమాయకుడివి తమ్ముడూ, చేసే ముందు ఎవర్నైనా అడగొద్దూ?" అంది.

ఆ మాట ఆవిడ అనాలని అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, దానంతటది వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకునే దారి లేదు. టైలరు మళ్ళీ ఆవిడ వైపు చూడలేదు.

వాణ్ణి బాబాయీ వదినా బండి మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వంటక్క పనిచేసే ఆసుపత్రికే. పొయ్యి వెలిగించాల్సిన వేళైందని వంటక్క ముందే సైకిలెక్కి వచ్చేసింది. పదకొండింటికి మొదటి వాయి అన్నం దించి, ఒక గ్లాసులో టీ పోసుకుని, పై అంతస్తులో కట్లు కట్టే గది దాకా వెళ్ళింది. తలుపు ఓరగా ఉంది. లోపల కట్టు కట్టే అతను నవ్వుతూ అడుగుతున్నాడు: "బ్రేకుకే పెట్టావా? నిజంగానా?" టైలరు కూడా నవ్వుతున్నాడు: "ఏం చేస్తామండీ, బుర్ర అలా పనిచేసింది." ఆవిడ అక్కడే నిలబడిపోయింది. టీ మీద మీగడ కట్టింది. తలుపు తొయ్యలేదు. గ్లాసు తెచ్చి తొట్లో పారబోసింది. ఆ పూట రెండో వాయి అన్నం అడుగంటింది. ఇరవై ఏళ్ళలో అలా జరగడం అదే మొదలు.

వంటక్క మొగుడు అదే ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు. పైకీ కిందకీ తప్ప పక్కకి పోవడం తెలియని మనిషి అని ఆవిడే వేళాకోళం చేస్తుంది. ఆ సాయంత్రం భోజనం దగ్గర ఆయన అన్నాడు: "మీ టైలరుని పొద్దున్న నేనే పైకి తీసుకెళ్ళాను. పాపం, పెదాలు తెల్లబడిపోయాయి. అయినా ఏమన్నాడో తెలుసా? 'ఎముక విరిగిందని అక్కకి ఇప్పుడే చెప్పకండి, వంట మధ్యలో కంగారు పడుతుంది' అన్నాడు."

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఏం, ఒంట్లో బాలేదా?" అన్నాడాయన.

"మాడు వాసన," అందావిడ. "ముక్కు వదలట్లేదు."

చెప్పేయాలని ఆవిడకి లేకపోలేదు. రేపు, రేపు అనుకుంది. రేపు వచ్చేసరికి బల్ల దగ్గర వేరే సంగతి నడుస్తూ ఉండేది. మధ్యలో ఎలా చెప్పడం? రెండు రోజులు గడిచాక, మొదటిరోజే ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలి? నాలుగు రోజులు గడిచాక అది ఇంకా పెద్దదైపోయింది. మింగలేదు, కక్కలేదు. టైలరింటికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. దానికి బదులు రోజూ రెండు పూటలకీ సరిపడా మెత్తగా అన్నం వండి, కూర చేసి, క్యారియరులో సర్ది వదిన చేత పంపడం మొదలుపెట్టింది. వదిన బడికి పోయే దారిలోనే టైలరు ఇల్లు.

అదే ఆవిడ చేసిన రెండో తప్పు. ఎందుకంటే వదిన ఖాళీ క్యారియరుతో పాటు పొగడ్తలు మోసుకొచ్చేది. "ముసలావిడ నిన్ను దేవతంటోందే వంటక్కా. సొంత అక్కయినా ఇలా చెయ్యదంటోంది." బాబాయి టీ తాగుతూ తలూపేవాడు. "మనిషంటే అలా ఉండాలి," అనేవాడు. వదిన బళ్ళో టీచర్లకి చెప్పింది. ఆసుపత్రిలో మొగుడి దాకా వచ్చింది. ఆయన లిఫ్టులో ఎక్కినవాళ్ళందరికీ గర్వంగా చెప్పుకున్నాడు. తెచ్చిన ఒక్కో మెప్పూ వంటక్క ఒంటి మీద కాగిన నూనె చుక్కలా పడేది. "అబ్బే, అదెంత" అనేది ఆవిడ. ఆ వినయాన్ని కూడా మెచ్చుకునేవాళ్ళు.

అటు టైలరు పేరు మారిపోయింది. వీధిలో వాణ్ణి నూనె తమ్ముడు అనడం మొదలుపెట్టారు. ఎవరి బండి కీచుమన్నా, ఎవరి తలుపు అరిచినా, "నూనె తమ్ముణ్ణి పిలవండి" అని నవ్వుకునేవాళ్ళు. వంటక్క ఎదుటే అనేవాళ్ళు. ఆవిడ కుళాయి వైపు తిరిగి గ్లాసు కడుక్కునేది, శుభ్రంగా ఉన్న గ్లాసుని.

మూడు వారాలు గడిచాక ఒకరోజు వదిన మొహం చిన్నబుచ్చుకుని వచ్చింది.

"బళ్ళో పిల్లల యూనిఫాములు ఏటా మన టైలరుకే ఇస్తాం కదా. ఈసారి పెద్ద టీచరమ్మ వేరే దుకాణానికి ఇచ్చేస్తానంది."

"చెయ్యి విరిగింది కదా మరి," అన్నాడు బాబాయి.

"చెయ్యి గురించైతే నేను సర్దిచెప్పేదాన్ని. వేళ్ళు ఆడుతున్నాయి, మెల్లగా కుడుతున్నాడు, ఇంకా రెండు వారాల గడువుంది. ఆవిడ అన్నది అది కాదు. బ్రేకుకి నూనె పెట్టుకునే తెలివిగలవాడికి రెండొందల మంది పిల్లల కొలతలు ఎలా అప్పజెబుతాం అంది. సగం బట్ట పంపేసింది కూడా. తప్పు నాదే. నేనే నవ్వుతూ స్టాఫు గదిలో చెప్పాను ఆ నూనె కథ."

వదిన కళ్ళు తుడుచుకుంది. వంటక్క కూర్చున్న చోటే గడ్డకట్టుకుపోయింది. తప్పు నాదే అని ఒకరు అంత తేలిగ్గా అనగలగడం ఆవిణ్ణి చెంప మీద కొట్టినట్టుంది. అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచింది కూడా. "ఇవాళ క్యారియరు నేనే తీసుకెళ్తాను," అన్న మాట వచ్చింది.

సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా టైలరింటికి వెళ్ళింది. ముందు గదిలో రెండు మిషన్లు, గోడకి చాక్‌పీసు గీతలున్న బట్టలు, బల్ల మీద సగం కుట్టిన చిన్న చొక్కా. వెనక అరగదిలో పొయ్యి దగ్గర టైలరు ఎడమచేత్తో గిన్నె దించడానికి అవస్థ పడుతున్నాడు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. వంటక్క గబగబా వెళ్ళి గిన్నె అందుకుంది.

"మీరొచ్చారేంటక్కా," అన్నాడు. గొంతులో సంతోషమూ లేదు, కోపమూ లేదు.

ముందు గదిలో మంచం మీద కూర్చున్న ముసలావిడ, కొడుకు అక్కా అనడం విని చేతులు చాచింది. "వంటమ్మాయివా? రా తల్లీ, రా. నీ చేతి అన్నం తిని మూడు వారాల్నుంచీ బతుకుతున్నాను. వీడికి అన్నం వండటం నేర్పింది కూడా నువ్వేనటగా. నీ కడుపు చల్లగా ఉండాలి." వంటక్క చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత ఆ చెయ్యి వదలకుండానే అంది: "ఒకరు నీలాంటి వాళ్ళు. ఇంకొకరు ఆ నూనె పెట్టమన్న మహానుభావుడు. వీడికి సొంతంగా తోచిందంటే నేను నమ్ముతానా? నా కొడుకు ఎవరో ఒకరు చెప్పకుండా గుండీ కూడా మార్చడు. అడిగితే చెప్పడు. ఎవడో గానీ వాడి నోరు పడిపోను."

"అమ్మా, ఊరుకో," అన్నాడు టైలరు.

భూమి బద్దలై మింగేస్తే బాగుండుననిపించింది వంటక్కకి. ముసలావిడ వేళ్ళు ఇంకా తన వేళ్ళ చుట్టూ ఉన్నాయి, వెచ్చగా, ఎంతో నమ్మకంగా.

"ఆ నోరు నాదే పెద్దమ్మా," అంది.

ముసలావిడకి అర్థం కాలేదు. "ఏంటి?"

"నూనె పెట్టమని నేనే చెప్పాను. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ అయింది. తర్వాత అందరి ముందూ ఒప్పుకోవడానికీ నామోషీ అయింది."

ముసలావిడ మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకుంది. విసురుగా తీసుకోలేదు. అరువు తెచ్చుకున్న వస్తువు తిరిగి ఇచ్చేసినట్టు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత గోడ వైపు తిరిగింది.

వంటక్క టైలరు వైపు చూసింది. "ఎందుకు చెప్పలేదు తమ్ముడూ? ఆ రోజే నా పేరు చెప్పేయాల్సింది."

టైలరు మిషను ముందు కూర్చున్నాడు. కట్టులోంచి బయటికున్న వేళ్ళతో చిన్న చొక్కా కాలరు సరిచేశాడు.

"అన్నం విషయంలో మీ మాట నమ్మాను, అమ్మ రెండోసారి వడ్డించమంది," అన్నాడు చివరికి. "అందుకే నూనె విషయంలో కూడా నమ్మాను. ఎవరి మాటైనా ఒక్కోసారి తప్పుతుంది. నలుగురిలో మీ పరువెందుకు తియ్యాలనుకున్నాను. మీరే చెబుతార్లే, చెబితే 'పోన్లే అక్కా' అందామనుకున్నాను. ఆ మాట నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను కూడా." కాలరు మడత వేలితో నొక్కాడు. "మీరు నవ్వారు. అడగొద్దూ అన్నారు. చెయ్యి నొప్పి రెండు రోజుల్లో తగ్గిపోయిందక్కా."

ఆవిడకి ఏడుపొచ్చింది. ఇక్కడ ఏడిస్తే వాడే ఓదార్చాల్సి వస్తుందని పళ్ళు బిగబట్టి ఆపుకుంది. క్యారియరు గట్టు మీద పెట్టి వచ్చేసింది. సైకిలెక్కాలనిపించక ఇంటిదాకా నడిపించుకుంటూ వెళ్ళింది. ఆ రాత్రి మొగుడికి మొత్తం చెప్పింది. ఆయన అంతా విని, "నేను లిఫ్టులో ఎంతమందికి చెప్పానో," అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. అది చాలింది.

మర్నాడు పొద్దున్న బల్ల దగ్గర ఆవిడ ఫ్లాస్కు తియ్యలేదు. కూర్చోనూ లేదు. "మీతో ఒకటి చెప్పాలి," అని నిలబడే చెప్పింది, నూనె మాట దగ్గర్నుంచి టైలరింట్లో గోడ వైపు తిరిగిన ముసలావిడ దాకా. చెబుతున్నంతసేపూ ఎవరి మొహమూ చూడలేకపోయింది.

ముందు వదిన లేచింది. "మూడు వారాలు నీ క్యారియరు మోశానే. నీ మనసు వెన్నని కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. నా చేతా అబద్ధం మోయించావు కదా!" అంది. సైకిలు స్టాండు కాలితో తన్ని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

బాబాయి తిట్టలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. గ్లాసులోకి చూస్తూ, "నేను రావడానికి ఒక్కరోజే కదమ్మా ఉంది," అన్నాడు.

ఆ మధ్యాహ్నానికే వదిన పెద్ద టీచరమ్మ గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. కోపం మనిషి మీదే గానీ పని మీద చూపించలేదు. వేరే దుకాణానికి పోయిన బట్టకి అప్పటికే కత్తెర పడిపోయింది, అది తిరిగి రాదు. మిగిలిన సగం టైలరుకే వచ్చింది. వంద చొక్కాలు, రెండు వారాల గడువు. మిషను మీద మెల్లగా కుట్టగలడు గానీ, గుండీలు, చేతి కుట్లు ఆ కట్టుతో వాడి వల్ల కాదు.

ఆ సంగతి వదిన వంటక్కకి చెప్పలేదు. బాబాయి చెప్పాడు. ఆదివారం ఆయన టైలరు సైకిలు బాగుచెయ్యడానికి వెళ్తుంటే వంటక్క కూడా వెనకే వెళ్ళింది. ఆయన వాకిట్లో కూర్చుని రిమ్ములు స్పిరిట్టుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, నూనె తాగిన రబ్బర్లు తీసి పారేసి కొత్తవి బిగించాడు. ఆవిడ గుడ్డ అందించమంటే అందించింది, పట్టుకోమంటే పట్టుకుంది. నోరు విప్పి ఒక్క ముక్క అనలేదు. అయ్యాక లోపలికి వెళ్ళి టైలరు ముందు నిలబడింది.

"గుండీలు కుట్టడానికి వస్తాను," అంది. "నాకు సరిగా రాదు. నేర్పు."

టైలరు కాదనలేదు. రమ్మనీ అనలేదు. సూదీ దారం ఉన్న డబ్బా ఆవిడ వైపు జరిపాడు.

రోజూ డ్యూటీ దిగాక రెండు గంటలు. మొదటిరోజు ఆవిడ కుట్టిన పదకొండు గుండీల్లో ఎనిమిదింటిని వాడు విప్పేశాడు. "దారం నాలుగు సార్లు పోవాలి, కింద మెడ చుట్టాలి, లేకపోతే పిల్లలు రెండు రోజుల్లో ఊడబీకుతారు," అన్నాడు, కొత్తగా పనిలో చేరిన మనిషికి చెప్పినట్టు. మూడు వందల మందికి వండే చేతులు చిన్న గుండీ ముందు మొద్దుబారిపోయాయి. వేలికి సూది దిగితే నోట్లో పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టేది. వాడు అవసరమైనంతే మాట్లాడేవాడు. అక్కా అని పిలవడం మానలేదు గానీ, ఆ పిలుపులో ఇదివరకటి చనువు లేదు.

ముసలావిడ అసలు మాట్లాడలేదు. వంటక్క గదిలోకి రాగానే గోడ వైపు తిరిగేది. వెళ్ళేటప్పుడు "వస్తాను పెద్దమ్మా" అంటే పలికేది కాదు. మొదటిరోజు వంటక్క అలవాటుగా తెచ్చిన క్యారియరు మూత తియ్యకుండా అలాగే తిరిగొచ్చింది. తర్వాత తేవడం మానేసింది. అన్నం టైలరే వండుకునేవాడు. పొయ్యి మీద అది ఉడికే వాసన ముందు గదిలోకి వస్తుంటే నీళ్ళు సరిపోయాయో లేదో ఆవిడకి వాసనే చెప్పేది. ఒకటి రెండు సార్లు ఎక్కువయ్యాయి కూడా. ఆవిడ తల వంచుకుని గుండీలు కుట్టింది.

తొమ్మిదో రోజు సాయంత్రం టైలరు కుట్టు పూర్తయిన చొక్కాలు మూట కట్టి బళ్ళో ఇవ్వడానికి వెళ్ళాడు. ఇంకా ఆరు మిగిలాయి. గదిలో వంటక్క, మంచం మీద ముసలావిడ. బయట పొద్దుగూకుతోంది. మంచం కిర్రుమంది.

"ఇదిగో," అంది ముసలావిడ.

వంటక్క తలెత్తింది. ముసలావిడ గోడ వైపు నుంచి ఇటు తిరిగి కూర్చుంది. చేతిలో చిరిగిన దిండు గలీబు, ఒక సూది. మొహం ఇంకా గట్టిగానే ఉంది.

"దీంట్లో దారం ఎక్కించు. నాకు కనిపించట్లేదు," అంది.

వంటక్క లేచి వెళ్ళి సూది అందుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, మిగిలిన వెలుతురులో దారం కొస తడిచేసి బెజ్జంలోకి తొయ్యబోయింది. దారం పక్కకి పోయింది. మళ్ళీ తోసింది. మళ్ళీ పోయింది. వెనక ముసలావిడ చెయ్యి చాచి కూర్చుంది, సూది కోసం.